పై అరలో రెండో డబ్బా

"మైదా బంకకి స్ట్రాబెర్రీ వాసనేమిటి?"

నాన్న గరిటె పైకెత్తి పట్టుకుని అడిగాడు. నేను దగ్గరికెళ్ళి చూశాను. గరిటె అంచు నుంచి గులాబీ రంగు ముద్ద ఒకటి సాగి, ఇంకా సాగి, తెగకుండా గిన్నెలోకి వేలాడింది.

ఆదివారం పొద్దున నాన్న బంక కాయడం మా ఇంట్లో మామూలే. ఆయన పుస్తకాలకి అట్టలు కట్టే మనిషి. కొట్లో పొయ్యి లేదు కాబట్టి ఇంట్లోనే కాచుకుని, సోమవారం డబ్బాలో పోసుకుని పట్టుకెళ్తాడు. బంకకి వేరే గిన్నె, వేరే గరిటె. మైదా డబ్బా పై అరలో ఉంటుంది, దాని జోలికి ఆయన తప్ప ఎవరూ వెళ్ళరు. ఇవాళ కూడా కళ్ళజోడు లేకుండానే చెయ్యి పెట్టి తీసి, గిన్నెలో గుమ్మరించి, నీళ్ళు కలిపి, పొయ్యి వెలిగించేశాడు.

"స్ట్రాబెర్రీ ఒక్కటే కాదు," గిన్నె మీదికి వంగి మళ్ళీ వాసన చూశాడు. "చాక్లెట్ కూడా ఉంది. ఈ ఎర్రటి ముక్కలేంటి, టమాటానా? ఏమే డిగ్రీ, ఇది నీ పనేనా?"

డిగ్రీ అంటే నేనే. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటిదాన్ని నేను కాబట్టి నాన్న పెట్టిన పేరు. మెచ్చుకున్నా అదే పేరు, తిట్టినా అదే పేరు. గొంతుని బట్టి తెలుసుకోవాలి.

"నాకేం తెలుసు నాన్నా? నేనెందుకు కలుపుతాను?"

"మరి ఇది అట్టకి పూస్తే ఆ పుస్తకాన్ని మనుషుల కన్నా ముందు చీమలు చదువుతాయి. పురుగు పట్టకుండా వేసే తుత్తం కలపక ముందే వాసన తగిలింది, బతికిపోయాను."

నేను అరలోకి చూశాను. మైదా డబ్బా వెనకాల ఉంది, ఎప్పుడూ ఉండే చోటే. దాని ముందు అచ్చం అలాంటిదే ఇంకో డబ్బా, నాన్న మూత తీసి వదిలేసింది. దించి చూస్తే అందులో సగానికి పైగా పొడి మిగిలి ఉంది. వంపిన పక్కన పొరలు పొరలుగా కనపడుతోంది. అడుగున గులాబీ, దాని మీద గోధుమ రంగు, మళ్ళీ తెలుపు, మళ్ళీ గులాబీ. మధ్యమధ్యలో ఎండిన పండు ముక్కలు, ఓట్స్ రేకులు.

ఆ పొడిని నేను గుర్తుపట్టాను. నా జీతంలోంచి కొన్న పెద్ద పెట్టెలోది అది. వేడినీళ్ళు పోసి కలిపితే చాలు, జావ తయారైపోయే ప్యాకెట్లు. ఒక్కోటీ ఒక్కో రుచి. బయట టిఫిను కొనుక్కోవడం కన్నా చవక, పొయ్యి ముందు నిలబడే పని లేదు. అమ్మ కోసం కొన్నాను. అమ్మ కోసమే.

అమ్మ సింకు దగ్గర గిన్నె తోముతోంది. తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోంది.

"అమ్మా."

"ఊ."

"నువ్వు తినలేదా?"

అమ్మ కుళాయి ఇంకొంచెం తిప్పింది.

"రోజూ చెత్తబుట్టలో ఖాళీ ప్యాకెట్ కనపడుతోంది. గిన్నె కడిగి బోర్లించి ఉంటోంది. నేను అది చూసి, హమ్మయ్య తిని వెళ్ళింది అనుకుంటున్నాను. అంటే ప్యాకెట్ చింపి, ఇందులో పోసేసి, ఖాళీది బుట్టలో పడేసి వెళ్తున్నావా?"

"ప్యాకెట్ మిగిలితే నువ్వు అడుగుతావు కదే," అంది అమ్మ, గోడతో చెబుతున్నట్టు. "పారేద్దామంటే తిండి. చేతులు రాలేదు."

నాన్న పొయ్యి ఆపేశాడు. గిన్నెలో ముద్ద బుడుక్కుమని ఒక బుడగ వదిలి ఊరుకుంది.

"మళ్ళీ కళ్ళు తిరిగి పడితే ఏం చేస్తావు?" నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "మొన్న నువ్వు ఫ్యాక్టరీలో సీసాలు నడిచే బెల్టు మీదికి ఒరిగిపోతే ఆ పక్కనున్నామె పట్టుకుంది కాబట్టి సరిపోయింది. సూపర్‌వైజరమ్మ ఏమంది? ఇంకొక్కసారి పడితే పనిలోంచి తీసేస్తానంది. ఖాళీ కడుపుతో రావొద్దంది. నిన్ను పరీక్షగా పెట్టుకున్న నెల ఇంకా అవ్వనే లేదు. చెప్పిందా లేదా?"

"చెప్పింది."

"మరి?"

"నిన్న కూడా కొంచెం తిరిగాయి," అంది అమ్మ మెల్లగా. "బెల్టు అంచు పట్టుకుని నిలబడ్డాను. ఎవరూ చూడలేదు."



మందుల సీసాలు పెట్టెల్లో సర్దే ఆ పని మా అమ్మకి మొదటి ఉద్యోగం. ఫొటోతో కార్డు ఇచ్చిన రోజు, ఆ కార్డు మెడలో వేసుకునే వంట చేసింది. "తీసెయ్యవే, పోపు పడుతుంది," అని నాన్న ఏడిపిస్తే, "పడితే తుడుచుకుంటాను, నా కార్డు నా ఇష్టం," అంది. అమ్మ నోటి వెంట 'నా ఇష్టం' అన్న మాట నేను వినడం అదే మొదలు. ఆ కార్డు పోతుందేమో అన్నదే నా భయం. జీతం సంగతి తర్వాత.

"అసలు ఎందుకు తినవు? రుచి నచ్చలేదా? నచ్చకపోతే చెప్పు, ఇంకోటి తెస్తాను."

"రుచి చూస్తే కదా తెలిసేది."

"ఒక్కటి కూడా చూడలేదా!"

"దిగదే," అంది అమ్మ. "ప్యాకెట్ చింపుతాను, నీళ్ళు కాస్తాను. కలిపే ముందు పొడి రుచి చూద్దామంటే చెంచా నోటి దాకా వస్తుంది, గొంతు దిగదు. అత్తయ్య తినకుండా నేనెప్పుడు తిన్నాను?"

నాన్నా నేనూ ముఖాలు చూసుకున్నాం.

నాన్నమ్మ లేచేసరికి బాగా తెల్లవారుతుంది. అమ్మ ఎక్కే ఫ్యాక్టరీ వ్యాను మాత్రం చీకటి ఉండగానే వీధి చివర హారన్ కొడుతుంది.

"టీ టైములో బిస్కెట్లు తింటున్నాను," అమ్మ ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు చెప్పుకుపోతోంది. "ఆ వేళకి ఇక్కడ అత్తయ్య తినేసి ఉంటారు కదా అని. దానికి ముందే ఎప్పుడైనా తిరుగుతాయి. అంతే."

"అంతేనా!" నాన్న గరిటె ఠపీమని కింద పెట్టాడు. "అమ్మ ఏమన్నా నిన్ను పట్టుకుని అడిగిందా, ముందు ఎందుకు తిన్నావని? నిద్రపోయే మనిషికి నువ్వు తిన్నదీ మానిందీ ఎలా తెలుస్తుంది?"

"ఆవిడకి తెలియదండీ. నాకు తెలుస్తుంది."

"వాడు తిన్నాడా?"

వెనక నుంచి నాన్నమ్మ గొంతు. గుమ్మంలో నిలబడి ఉంది, ఒక చెయ్యి తలుపు మీద. లేవగానే నాన్నమ్మ అడిగే మొదటి మాట అదే. 'వాడు' అంటే నాన్న. జుట్టు నెరిసిన కొడుకు తిన్నాడని ఎవరో ఒకరు చెబితేగాని నాన్నమ్మకి తెల్లవారదు.

"తిన్నారు అత్తయ్యా. మీరు కూర్చోండి, పెడతాను," అంది అమ్మ చప్పున చెయ్యి తుడుచుకుంటూ.

"తర్వాత పెడుదువుగాని. ఏంటి గొడవ? నా పేరు వినపడింది."

నాన్నమ్మ దగ్గర ఏదీ దాగదు. నా ముఖం, నాన్న ముఖం, పొయ్యి మీద గులాబీ ముద్ద, అన్నీ వరసగా చూసి అమ్మ దగ్గర ఆగింది.

"నేను తినకుండా తినకూడదని నీతో ఎవరన్నారమ్మాయ్?"

అమ్మ తల దించుకుంది.

"నేనా? నేనన్నానా?"

"ఎప్పుడో లెండి."

"ఎప్పుడు?"

"వదిలెయ్యండి అత్తయ్యా."

"నేనెప్పుడో వదిలేశాను, నువ్వే పట్టుకు కూర్చున్నావు. చెప్పు."

అమ్మ కుళాయి కట్టేసింది. "నేను ఈ ఇంటికొచ్చిన కొత్తలో. ఆకలేసి, మీరు లేవక ముందే వంటింట్లో నిలబడి తింటున్నాను. మీరొచ్చి చూశారు. 'పెద్దవాళ్ళు నోట్లో ఏమీ పెట్టుకోకముందే మీ ఇంట్లో ఇలాగే తింటారా' అన్నారు. అంతే. కోపంగా కూడా కాదు. అడిగినట్టే అన్నారు."

"ఆ తర్వాత?"

"తర్వాత మీరు ఎప్పుడూ ఏమీ అనలేదు. అనాల్సిన అవసరం నేను రానివ్వలేదు."

నాన్నమ్మ గుమ్మం పట్టుకుని అమ్మనే చూస్తోంది. ఆ మాట కోసం లోపలెక్కడో వెతుక్కుంటోందని తెలుస్తూనే ఉంది. దొరకలేదు.

"నాకు జ్ఞాపకం లేదు," అంది చివరికి.

వెనక్కి తిరిగి వెళ్ళి మంచం మీద పడుకుంది, గోడవైపు తిరిగి.

మధ్యాహ్నం భోజనాలు ఎవరి కంచం వాళ్ళు చూసుకుంటూ అయిపోయాయి. నాన్న ఒకటి రెండుసార్లు నవ్వించబోయి, ఎవరూ నవ్వకపోయేసరికి, అసలు మైదాతో మళ్ళీ బంక కాచుకుని, ఆ గిన్నె ముందేసుకుని ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. అమ్మ బట్టలు మడతపెట్టింది. మడతపెట్టినవి విప్పి మళ్ళీ పెట్టింది.

ఎండ వాలే వేళకి నాన్నమ్మ నా గదిలోకి వచ్చింది. తలుపు దగ్గరకి వేసింది.

"పిల్లా, ఆ ప్యాకెట్లలో తక్కువ చెడ్డది ఏది?"

"అంటే?"

"అంటే ఏంటి? మీ అమ్మ వెళ్ళేముందు నేను తినేస్తే సరిపోతుంది కదా. నీళ్ళు కాచి తీసుకురా. అన్ని రకాలూ. కొంచెం కొంచెం. మీ అమ్మకి చెప్పకు."

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. నాలుగు కప్పులు తెచ్చాను. పెట్టె మీద రాసినట్టే నీళ్ళు పోసి, కలిపి, మూత పెట్టి, ఆగి, మళ్ళీ కలిపాను. నాన్నమ్మ మంచం అంచున కూర్చుని నన్ను అనుమానంగా చూసింది.

"ఉడికించవా?"

"అక్కర్లేదు నాన్నమ్మా. ముందే ఉడికించి ఆరబెట్టి ఇస్తారు."

"ఎవరో ఎప్పుడో ఉడికించింది నేనిప్పుడు తినాలి. సరే, ఇటివ్వు."

స్ట్రాబెర్రీ నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "సబ్బు."

"నాన్నమ్మా!"

"వాసన సబ్బుది. నేను సబ్బు తినలేదనుకో, తింటే ఇలాగే ఉంటుంది."

చాక్లెట్‌కి ముఖం చిట్లించింది. "మీ అమ్మ సర్దే సీసాల్లోది ఇందులో కలిసిందేమో చూడు."

టమాటా కొంచెం సేపు నమిలింది. నమలడానికి అందులో ఏమీ లేదు. "జ్వరమొచ్చి తగ్గినవాళ్ళకి పెట్టే చారులా ఉంది. పర్లేదు, కానీ పొద్దున్నే ఇది నా వల్ల కాదు."

అరటిపండు కప్పు దగ్గర ఆగింది. ఇంకో చెంచా తీసుకుంది. మరోటి.

"ఇది చేసినవాడెవడో కానీ పళ్ళు లేనివాళ్ళని తలుచుకుని చేశాడు," అంది. "ఇదే. రేపు ఇదే. నీకు అలారం ఉంది కదా, నన్ను ముందు లేపు."

తలుపు తెరుచుకుంది. నాన్న. చేతికి మైదా అంటుకుని ఉంది.

"ఏంటి, నాన్నమ్మా మనవరాలూ విందు చేసుకుంటున్నారా?"

"రారా, నువ్వూ ఒక చెంచా తిను," అంది నాన్నమ్మ.

"వద్దు. పుస్తకం వెన్నుకి పూసేది నేను కడుపులో పూసుకోను. నా జన్మలో ఆ బంక నోట్లో పెట్టను, చెప్తున్నాను."

"ఒక్క చెంచా రా."

"అమ్మా, బతిమాలకు. పొద్దున్నే వేడిగా ఏదో ఒకటి నేనే చేసుకుంటాను. మా ఆవిడ చెయ్యనక్కర్లేదు, డిగ్రీ చెయ్యనక్కర్లేదు. ఇది మాత్రం తినను." తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు.

నాన్నమ్మ ఆ మూసిన తలుపు వైపు కొంచెం సేపు చూసింది. కప్పు పక్కన పెట్టేసింది. ఎందుకో అప్పుడు నేను అడగలేదు.

మర్నాడు నేను లేపక ముందే నాన్నమ్మ లేచి కూర్చుని ఉంది. ముఖం కడుక్కుని, జుట్టు దువ్వుకుని, వంటింటి బల్ల దగ్గర పెద్ద గిన్నె ముందేసుకుని. నేను అరటిపండు ప్యాకెట్ చింపి నీళ్ళు పోశాను. ఇంకో గిన్నెలో అమ్మకి కూడా.

అమ్మ చెప్పులు వెతుక్కుంటూ వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"అత్తయ్యా? ఒంట్లో బాగాలేదా?"

"దివ్యంగా ఉంది. ఆకలేసి లేచాను." నాన్నమ్మ చెంచా నోట్లో పెట్టుకుని చప్పరించింది. వీధి చివరికి వినపడేంత చప్పుడు. "ఆహా. బాగుంది. కూర్చో."

"వ్యాను వచ్చేస్తుంది..."

"వస్తే ఆగుతుంది. నేను తింటున్నానా లేదా?"

"తింటున్నారు."

"మరి నువ్వు తినడానికి అడ్డమేంటి?"

అమ్మ కూర్చుంది. మెడలో కార్డు గిన్నెలో పడకుండా తీసి బల్ల మీద పెట్టింది. చెంచా ముంచింది. నాన్నమ్మ మళ్ళీ చప్పరించింది. అమ్మ ఆవిడ వైపు చూసి, గిన్నె వైపు చూసి, కళ్ళు మూసుకుని నోట్లో పెట్టుకుంది.

గుటక పడింది. నేను చూశాను.

"తియ్యగా ఉంది," అంది అమ్మ ఆశ్చర్యంగా.

"అరటిపండు," అన్నాను నేను.

రెండో చెంచా, ఆ తర్వాత తొందర తొందరగా మిగతాదంతా. ఎంత ఆకలితో ఉందో అప్పుడు తెలిసింది నాకు. నాన్నమ్మ గిన్నెకి చెయ్యి అడ్డం పెట్టుకుని, చెంచా ఆడిస్తూ, చప్పరిస్తూనే ఉంది. అమ్మ గిన్నె అడుగు గీకుతుంటే కనపడకుండా నవ్వుకుంది.

"వెళ్ళొస్తాను అత్తయ్యా."

"వెళ్ళి రా. నిలబడి పని చెయ్యి, పడిపోయి కాదు."

అమ్మ నవ్వింది. ఆ పొద్దున్నే, ఆ చీకట్లో, మా అమ్మ నవ్వుతూ పనికి వెళ్ళింది. వీధి తలుపు చప్పుడు విన్నాక నేను నాన్నమ్మని గట్టిగా వాటేసుకున్నాను.

"వదలవే, ఊపిరాడట్లేదు. ఈ గిన్నె తీసెయ్యి ముందు."

తీశాను. బరువుగా ఉంది.

నిండుగా ఉంది. పైన మీగడలాంటి పొర కూడా చెదరలేదు. చెంచా ఒక పక్క కొంచెం తడిసింది, అంతే.

"నాన్నమ్మా, ఇదేంటి?"

"మెల్లగా మాట్లాడు."

"నువ్వు తినలేదా? నిన్న సాయంత్రం బాగానే తిన్నావు కదా?"

"అప్పటికి వాడు తిని ఉన్నాడు కదే," అంది నాన్నమ్మ. కొంగు అంచు వేలికి చుట్టుకుంటోంది. "పొద్దున్నే, వాడి కడుపులో ఏమీ పడకుండా, నా నోట్లో ఎలా పెట్టుకోను? చెంచా ఇక్కడిదాకా వచ్చింది. దిగలేదు."

నిన్న అమ్మ అన్న మాటే. అదే మాట, అదే గొంతుతో.

"రేపు కూడా ఇలాగే చేస్తాను. మీ అమ్మకి చప్పుడు చాలు. నువ్వు మాత్రం..."

నాన్నమ్మ ఆగిపోయింది. నా భుజం మీదుగా చూస్తోంది.

నేను వెనక్కి తిరిగాను. గడప మీద అమ్మ. బల్ల మీద మర్చిపోయిన కార్డు కోసం వచ్చినట్టుంది. చెయ్యి కార్డు వైపు చాచి ఉంది గానీ, కళ్ళు నా చేతిలో నిండు గిన్నె మీద ఉన్నాయి.

వీధి చివర వ్యాను హారన్ కొట్టింది.

"అత్తయ్యా," అంది అమ్మ. "మీరు తినలేదు."

"తింటానులేవే. నువ్వు వెళ్ళు."

"మీరు తినకుండా నేను తినేశాను."

"తింటే ఏమైంది? ఇంటి పైకప్పు కూలిందా? చూడు, అలాగే ఉంది. వెళ్ళు, బండి పోతుంది."

"ఇవాళ్టికి తెలియక తినేశాను." అమ్మ కార్డు తీసుకుంది, కానీ మెడలో వేసుకోలేదు. తాడు గుప్పిట్లో పట్టుకుని నిలబడింది. "రేపు ఎలా తినను? ఎల్లుండి?"



లోపలి గది తలుపు తెరుచుకుంది. నాన్న, జుట్టు చెదిరి, కళ్ళు సగం మూసుకుని. "ఏంటి పొద్దున్నే సభ? ఎవరైనా పడిపోయారా?"

ముగ్గురం ఆయన వైపే చూశాం.

నాన్న మా ముఖాలు చూశాడు. గిన్నె చూశాడు. "ఏయ్," అన్నాడు, ఒక అడుగు వెనక్కి వేస్తూ. "నేను నిన్ననే చెప్పాను."

నాన్నమ్మ నా చేతిలోంచి గిన్నె తీసుకుంది. బల్ల పట్టుకుని మెల్లగా లేచింది. చెంచా అడుగు దాకా ముంచి, నిండుగా తీసి, జుట్టు నెరిసిన కొడుకు నోటి ముందు పట్టుకుంది.

వీధి చివర హారన్ రెండోసారి మోగింది, ఈసారి పొడుగ్గా.

నాన్న నోరు మూసుకునే ఉన్నాడు. అమ్మ గడప దాటలేదు.